వర్జిన్ రివర్: కాన్పుల గదిలో పనిచేసిన నర్సు చదివిన ప్రేమకథ

చిన్న ఊళ్ల ప్రేమ నవలలు ఇప్పుడు ఇంగ్లీషులో కుప్పలుగా వస్తున్నాయి. పట్నంలో మనసు విరిగిన అమ్మాయి ఒక కొండ ఊరికో సముద్రం ఒడ్డునున్న ఊరికో వస్తుంది. అక్కడ మాట తక్కువ, పనితనం ఎక్కువ ఉన్న అబ్బాయి ఒకడుంటాడు. ఊరివాళ్లందరూ పూనుకుని ఇద్దర్నీ కలుపుతారు. మా కోడలి కిండిల్‌లో ఇలాంటివి వరసపెట్టి చదివాను. చాలావాటిలో హీరోయిన్‌కి కాఫీ షాపో పుస్తకాల కొట్టో ఉంటుంది గానీ, ఆ పాలు ఎప్పుడూ విరగవు, ఆ కొట్టుకి అద్దె కట్టాల్సిన రోజు ఎప్పుడూ రాదు. చదువుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, పుస్తకం మూశాక ఆ అమ్మాయి పేరు కూడా గుర్తుండదు.

రాబిన్ కార్ రాసిన ‘వర్జిన్ రివర్’ మాత్రం నన్ను పట్టుకుంది. 2007లో వచ్చిన నవల ఇది. ఇందులో హీరోయిన్ నర్సు. కాన్పులు చేయడానికి ప్రత్యేకంగా చదువుకున్న నర్సు, మిడ్‌వైఫ్. నేను నా ఉద్యోగకాలమంతా ప్రభుత్వాసుపత్రుల్లోనే, ఎక్కువగా విశాఖ మన్యానికి ఆనుకుని ఉన్న ఊళ్లలో, కాన్పుల గదిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ప్రేమకథలు ఇష్టపడేవాళ్లు దీన్ని వేరేలా చదువుతారేమో. నాకు తెలిసింది కాన్పుల గది, అక్కణ్నుంచే చదివాను, అక్కణ్నుంచే చెబుతున్నాను.

ముందు కథ కొంచెం. మెలిండా మన్రో, అందరూ మెల్ అంటారు, లాస్ ఏంజెలిస్‌లో పెద్ద ఆసుపత్రిలో పనిచేసేది. భర్త మార్క్ ఎమర్జెన్సీ డాక్టరు. ఒక దుకాణంలో దొంగతనం జరుగుతుంటే అక్కడ ఉన్న పాపానికి అతన్ని కాల్చి చంపేస్తారు. ఏడాది కూడా తిరక్కముందే మెల్ ఆ నగరంలో ఉండలేక, ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఆరువందల మంది ఉండే వర్జిన్ రివర్ అనే ఊళ్లో ఏడాది కాంట్రాక్టు మీద ఉద్యోగం ఒప్పుకుంటుంది. ఊరు కల్పితం, అది ఉన్నట్టు చెప్పిన హంబోల్ట్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) నిజం. వానలో, చీకట్లో, బురదలో కారు దిగబడిపోతుంది. ఇస్తామన్న ఇల్లు చూస్తే మనిషి అడుగుపెట్టేలా లేదు, అంత దుమ్మూ చెత్తా. ఏ డాక్టరుకి సాయంగా వచ్చిందో ఆ ముసలాయన, డాక్ మలిన్స్, తనకి ఎవరి సాయమూ అక్కర్లేదంటాడు. తెల్లారగానే వెళ్లిపోదామని నిర్ణయించుకుంటుంది మెల్. తెల్లారేసరికి డాక్టరుగారి గుమ్మంలో ఎవరో పసిబిడ్డని వదిలేసి పోయి ఉంటారు.

మంచి ప్రేమకథ మొదలవ్వాల్సింది ఇక్కడే, ఇలాగే అనిపించింది నాకు. ఆమెని ఆ ఊళ్లో ఆపింది జాక్ షెరిడన్ అందం కాదు, ఆ బిడ్డ. పుట్టి ఎన్నో రోజులు కాని పిల్ల, తల్లి ఎవరో తెలియదు, ఒళ్లు చల్లబడకుండా చూడాలి, పాలు పట్టాలి, బరువు చూసుకోవాలి. పక్కనున్నది పసిపిల్లల పని చేయాలన్న ఓపిక లేని ముసలి డాక్టరు. అలాంటి చోట నర్సు బయటికి నడవలేదు. మెల్ కూడా నడవలేకపోయింది. రచయిత్రి దీన్ని త్యాగంలాగా రాయలేదు. చేతులు పనిలోకి వెళ్లిపోయాయి, మనిషి తర్వాత వెళ్లింది, అంతే. ఆ పేజీలు చదువుతున్నప్పుడు నాకు మా వార్డు గుర్తొచ్చింది. డ్యూటీ అయిపోయి చీర మార్చుకుంటుంటే ఆశా వర్కరు పరిగెత్తుకొచ్చి “సిస్టరమ్మా, డోలీలో తెచ్చేశారు, తల కనబడతా ఉంది” అంటే మళ్లీ గ్లౌజులు వేసుకోని నర్సు మా దగ్గర లేదు.

రాబిన్ కార్ నర్సింగ్ చదువుకున్నారు. భర్త వైమానిక దళంలో ఉండటంతో బదిలీల మీద బదిలీలయి ఆ ఉద్యోగం చేయడం కుదరలేదు. ఆ చదువు ఈ పుస్తకంలో అడుగడుగునా కనబడుతుంది. మెల్ మనిషిని చూడగానే ముందు కాళ్లు చూస్తుంది వాచాయా అని, మొహం చూస్తుంది రక్తం ఉందా అని. మాట్లాడుతూనే చూస్తుంది. నొప్పులు పడుతున్న ఆడమనిషి దగ్గర గొంతు పెంచదు. ఇంటికి తీసుకెళ్లే సంచిలో ఏముందో ఆమెకి ప్రతిసారీ తెలుసు. సినిమాల్లో, సీరియళ్లలో కాన్పు అంటే ఒక కేక, ఒక చెమట పట్టిన మొహం, తర్వాత తుండుగుడ్డలో శుభ్రంగా ఉన్న నెలల పిల్ల. ఇందులో అలా కాదు. గంటలు గడుస్తాయి. మధ్యలో ఏమీ జరగని గంటలుంటాయి, నడిపించడం, వీపు రాయడం, నీళ్లు తాగించడం, ఊరికే పక్కన కూచోవడం. కాన్పు చేయించడంలో ముప్పాతిక వంతు ఈ ఓర్పే, దీన్ని తెలిసి రాసినవాళ్లు తక్కువ.

ఒక ఘట్టం మాత్రం దగ్గరగా చెప్పాలి. ఆ కొండల్లో గంజాయి తోటలున్నాయి. హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ, ఈ మూడు కౌంటీలనీ కలిపి ‘ఎమరాల్డ్ ట్రయాంగిల్’ అంటారు, గంజాయికి అమెరికాలో పేరుపడిన చోటు. కాలిఫోర్నియా వాటిని 2016 ఓటింగులో గానీ అందరికీ చట్టబద్ధం చేయలేదు. అంటే ఈ కథ జరిగేనాటికి అడవిలో తోట ఉన్నవాడు చాలావరకు దొంగచాటు మనిషే. అలాంటివాడు ఒకడు రాత్రిపూట వచ్చి మెల్‌ని ఒంటరిగా రమ్మంటాడు, ఒకామెకి నొప్పులొస్తున్నాయి అని. ఆయుధం ఉన్న మనిషి. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో తెలియదు, ఫోను అందదు. మెల్ సంచి తీసుకుని వెళ్తుంది. అడవి మధ్యలో ట్రైలర్ ఇల్లు, లోపల ఒక్కర్తీ నొప్పులు పడుతున్న ఆడమనిషి. మెల్ పని మొదలుపెట్టాక ఆ మనిషి ఎవరు, ఆ తోట ఏమిటి అన్నవన్నీ వెనక్కి పోతాయి. కాన్పయ్యాక డబ్బు చేతిలో పెడతాడు. తర్వాత సంగతి తెలిసి జాక్ గట్టిగా కోప్పడతాడు, ఇంకెప్పుడూ ఒంటరిగా వెళ్లొద్దంటాడు.

ఈ గొడవ మీద నాతో కలిసి పుస్తకం చదివినవాళ్లు రెండు వర్గాలయ్యారు. ప్రైవేటు ఆసుపత్రిలో లేబర్ రూమ్‌లో పనిచేసే మా చిన్న సిస్టరొకామె, నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల, జాక్ మీద మండిపడింది. “ఆవిడ పని ఆవిడకి తెలుసు మేడమ్, ఇతనెవరు వద్దనడానికి?” అంది. నాతోపాటు పనిచేసి నా వెనకే రిటైరైన స్నేహితురాలు మాత్రం జాక్ పక్షం. రాత్రిళ్లు క్యాంపులకెళ్లి వచ్చిన మనిషి ఆవిడ, గుమ్మంలో ఎవరైనా కంగారుపడుతూ ఎదురు చూస్తుంటే ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పింది. నాకు ఇద్దరి మాటా నిజమే. కానీ రచయిత్రి మెల్ చేత సారీ చెప్పించలేదు, అది నాకు నచ్చింది. అతని భయం అతనిది, ఆమె నిర్ణయం ఆమెది. ఇద్దరూ అక్కడే నిలబడి మాట్లాడుకుంటారు.

జాక్ గురించి చెప్పాలంటే, అతను అమెరికా సైనిక దళం మెరైన్స్‌లో చేసి వచ్చినవాడు, ఊళ్లో బార్ నడుపుతాడు. బార్ అంటే మనకి ఒక బొమ్మ మనసులో ఉంటుంది. ఇది పిల్లలతో వచ్చి రాత్రి భోజనం చేసే చోటు. వంటవాడు ప్రీచర్, పేరు జాన్ మిడిల్టన్, భారీ మనిషి, నోట్లోంచి మాట రాదు, వంట అద్భుతం. డాక్టరుగారికి రోగులు చాలామంది డబ్బు ఇవ్వలేరు. గుడ్లు, కూరగాయలు, మాంసం, ఏదుంటే అది తెచ్చిస్తారు. అవన్నీ ఆ వంటింటికి వెళ్తాయి, డాక్టరుగారూ మెల్లూ అక్కడే తింటారు. ఈ ఏర్పాటు చదివి చాలా సంతోషపడ్డాను. మన్యం నుంచి వచ్చే వాళ్లు మాకూ బిడ్డ పుట్టిన నెలకో రెండు నెలలకో కొండచీపురు కట్టో, పనసపండో, గుప్పెడు రాజ్‌మా గింజలో తెచ్చేవాళ్లు. వద్దంటే మొహం చిన్నబోయేది. తీసుకుని వార్డులో అందరం పంచుకునేవాళ్లం. ఇచ్చేవాడికి కూడా ఇంత గౌరవం కావాలని రాబిన్ కార్‌కి బాగా తెలుసు.

జాక్ మరీ మంచివాడని, అలాంటి మగవాళ్లు ఉండరని మా కోడలి అభిప్రాయం. ఇల్లు బాగుచేస్తాడు, అన్నం పెడతాడు, ఓపిగ్గా ఆగుతాడు. నిజమే, చాలా ఆగుతాడు. అయితే మెల్ వచ్చేనాటికి అతనికి పక్క ఊళ్లో ఇంకో ఆవిడతో, ఛార్మెయిన్‌తో, ఏ మాటా ఇచ్చుకోని సంబంధం ఉంది. మెల్ మీద మనసు పడగానే వెళ్లి ఆవిడకి చెప్పేసి తెంచుకుంటాడు. ముందు చెప్పి తర్వాత ఇటు తిరగడం మర్యాదే. కానీ ఆ ఛార్మెయిన్ మనసులో ఏమైందో పుస్తకం పట్టించుకోదు, రెండు పేజీల్లో ఆవిడని పక్కకి తోసేస్తుంది. నాకు ఆవిడ మీద జాలి వేసింది, రచయిత్రి మీద కొంచెం కోపం వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌లో 2019 డిసెంబరు నుంచి వస్తున్న సీరియల్ చూసినవాళ్లకి ఇక్కడ పెద్ద తేడా కనబడుతుంది. అందులో ఛార్మెయిన్ గర్భవతి అవుతుంది, సీజన్లకి సీజన్లు అదే నడుస్తుంది. పుస్తకంలో ఆ గర్భమే లేదు. సీరియల్ చూసి పుస్తకం పట్టిన మా కోడలు మొదట “ఏంటత్తయ్యా, మలుపులే లేవు” అంది. మలుపులు కావాలంటే సీరియలే చూడాలి. నా మట్టుకు పుస్తకంలో ఉన్న నిదానమే మేలు.

మెల్ దుఃఖాన్ని రాసిన తీరు ఈ పుస్తకానికి వెన్నెముక. మార్క్ ఫొటో ఆమె మంచం పక్కనే ఉంటుంది. జాక్ దగ్గరవుతున్నా ఆ ఫొటో వెంటనే పెట్టెలోకి వెళ్లదు. ఒక రోజు బాగానే ఉంటుంది, మర్నాడు కూలిపోతుంది, మళ్లీ లేచి క్లినిక్‌కి వెళ్తుంది. మార్క్ పోయిన తేదీ దగ్గరపడినప్పుడు ఆమె ఎలా అయిపోతుందో, జాక్ ఆ రోజు ఏమీ అడక్కుండా ఎలా పట్టుకుంటాడో చదివితే, ఇతను చనిపోయిన మనిషితో పోటీకి దిగడం లేదని నమ్మకం కలుగుతుంది. నేను పెళ్లికి ముందు వారపత్రికల్లో సీరియల్ నవలలు ఎగబడి చదివినదాన్ని. శుక్రవారం పత్రిక ఎవరి చేతికి ముందొస్తే వాళ్ల చుట్టూ కూచునేవాళ్లం. వాటిలో హీరోకి కారూ మేడా ఉండేవి, హీరోయిన్‌కి ఆత్మాభిమానం ఉండేది. భర్త పోయిన ఆడమనిషి హీరోయిన్ కావడం నేను చదివినవాటిలో బహు అరుదు. అయినా ఆమె రెండో ప్రేమకి ముందు పేజీల కొద్దీ సంజాయిషీ చెప్పుకోవాలి. మెల్ ఎవరికీ సంజాయిషీ చెప్పదు. ఊరు కూడా అడగదు.

ఇక పసిబిడ్డ సంగతి. ఎవరి బిడ్డో నేను చెప్పను, అది చదివి తెలుసుకోవాలి. ఆ తల్లి ఎందుకలా చేసిందో తెలిసినప్పుడు మెల్ ఒక్క తప్పుమాట అనదు. మన దగ్గర ఆసుపత్రుల్లో పిల్లల్ని వదిలేయక తప్పనివాళ్ల కోసం ఊయల పెట్టారు. రాత్రి డ్యూటీల్లో ఆ ఊయల వైపు చూసినవాళ్లకి తెలుసు, బిడ్డని వదిలిన చేతులు రాక్షసి చేతులు కావని. అది తెలిసే రాశారు రాబిన్ కార్. అదేవిధంగా పదహారేళ్ల రిక్కీ, వాడికంటే చిన్నదైన లిజ్, వాళ్ల కథ కూడా. అంత చిన్నవాళ్లకి గర్భం వస్తే ఊళ్లో పెద్దవాళ్లు ఎలా మాట్లాడాలో జాక్, మెల్ మాట్లాడి చూపిస్తారు. అరుపుల్లేవు, పరువు గోల లేదు. ముందు ఆ పిల్ల ఆరోగ్యం, తర్వాత మిగతావి. ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో తల్లిదండ్రులు ఆ పేజీలు చదివితే మంచిదనిపించింది.

నచ్చనివి కూడా చెప్పాలి. చివర్లో మత్తుమందు కోసం కత్తి పట్టుకుని మనిషి రావడం, తుపాకీ పేలడం, నాకు అనవసరమనిపించాయి. మారుమూల క్లినిక్కులో మందుల బీరువా మీద కన్ను పడటం నిజంగా జరిగేదే, కాదనను. కానీ అంతవరకూ అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా కట్టుకొచ్చిన ప్రేమకి హీరో వచ్చి కాల్చి కాపాడటం అనే ముద్ర ఎందుకు? మెల్ అప్పటికే ఆ ఊరిని గెలుచుకుంది, తన పనితో.

ఇంకొకటి ఇంకా లోతైనది. హంబోల్ట్ కౌంటీలోనే హూపా అనే ఆదివాసీ తెగవాళ్ల రిజర్వేషన్, అంటే వాళ్లకంటూ కేటాయించిన నేల, ఉంది, కాలిఫోర్నియాలో అదే పెద్దది. యూరోక్, వియోట్ తెగలవాళ్లు కూడా తరతరాలుగా ఆ నేల మీదే ఉన్నారు. ఈ మొదటి పుస్తకంలో వాళ్ల ఊసు నాకు కనిపించలేదు. మన్యంలో పనిచేసిన నాకు అది పెద్ద లోటు. కొండల్లో ఆరోగ్యం గురించి, కాన్పుల గురించి రాస్తూ ఆ కొండలవాళ్లనే వదిలేస్తే ఎలా? మా దగ్గర కొండమీది మంత్రసానుల దగ్గర నేను నేర్చుకున్నవి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. తల్లిని ఎలా కూచోబెట్టాలి, ఎప్పుడు మాట్లాడకూడదు, వాళ్లకి బాగా తెలుసు. మెల్‌కి అలాంటి ఒక పెద్దావిడ ఎదురై ఉంటే ఈ నవల ఇంకో మెట్టు ఎక్కేది.

ఆ ప్రాంతంలో కాన్పుల ఇబ్బంది మాత్రం నవల కోసం పుట్టించింది కాదు. 2024లో అదే కౌంటీలో ఆర్కేటాలోని ఆసుపత్రి కాన్పుల విభాగాన్ని మూసేసింది. కాన్పులు తక్కువ, రాత్రింబగళ్లు డాక్టర్లనీ నర్సుల్నీ ఉంచాలంటే ఖర్చు ఎక్కువ, అందుకని అమెరికా పల్లెల్లో ఇలాంటి మూతలు చాలా జరుగుతున్నాయి. గర్భిణి గంటల తరబడి కారులో పోవాలి. పుస్తకం వచ్చిననాటికంటే ఇప్పుడే మెల్ అవసరం ఎక్కువ. ఇక్కడ మనకి 2005 నుంచి 108 ఉన్నా, రోడ్డు లేని గూడెం దగ్గర డోలీ మోత ఇంకా ఆగలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా వార్తల్లో ఆ ఫొటోలు ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. తెలంగాణలో 2017 నుంచి మిడ్‌వైఫరీ కోసం నర్సులకి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తున్నారు. ఆ కోర్సులో చేరిన పిల్లలెవరైనా ఉంటే ఈ నవల వాళ్ల చేతిలో పెట్టాలని నా కోరిక. మన పని మీద ఇంత ప్రేమగా రాసిన కథలు ఎక్కడున్నాయి?

చదవాలనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. ఇంగ్లీషు తేలిక, ఇంటర్ ఇంగ్లీషు వస్తే చాలు, వైద్యం మాటలు కూడా అర్థమయ్యేలానే ఉంటాయి. పడగ్గది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉన్నాయి. పిల్లలకి ఇచ్చేముందు, ఇంట్లో నలుగురి మధ్య పైకి చదివేముందు అది గుర్తుపెట్టుకోవాలి. నాకు ఆ సన్నివేశాలు అభ్యంతరం కాదు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒకర్నొకరు అడిగి, ఒకరి బాధ ఒకరు తెలిసి దగ్గరైన సన్నివేశాలవి. మొదటి యాభై పేజీల్లో ఊరివాళ్ల పేర్లు ఎక్కువ వచ్చి కలగాపులగంగా అనిపిస్తాయి, అక్కడ ఆపేయొద్దు. ఆ పేర్లన్నిటికీ తర్వాత పనుంది. ఈ వరసలో ఇరవైకి పైగా పుస్తకాలున్నాయి, మొదటి మూడూ 2007లోనే వచ్చాయి. ఏ పుస్తకానికి ఆ పుస్తకంలో కొత్త జంట ఉంటుంది గానీ, మెల్, జాక్‌లు ముందుకెళ్తూనే ఉంటారు కాబట్టి వరస తప్పకుండా చదవడమే మంచిది.

రెండోది, ‘షెల్టర్ మౌంటెన్’, ఇప్పుడు సగంలో ఉన్నాను. భర్త కొట్టిన దెబ్బలతో, చంకలో పసివాడితో ఒకామె వానలో బార్ తలుపు తడుతుంది. తలుపు తీసేది ప్రీచర్. మొదటి పుస్తకంలో మాటే రాని మనిషి ఇందులో హీరో. ఆమె దెబ్బల్ని మెల్ పరీక్ష చేసే పేజీ ఒక్కటీ చాలు ఈ పుస్తకం కొనడానికి. ముందు తలుపు వేసి, ఆమె అనుమతి అడిగి, ఏ గాయం ఎక్కడుందో ఒక్కోటీ చూసి, ఎవరు కొట్టారని మాత్రం తొందరపెట్టదు.